జిహ్వకో రుచి: తెలుగు నేలలో తిండి ముచ్చట్ల చరిత్ర

“ఏం కూర?” అన్న ప్రశ్న తెలుగువారికి ఒక పలకరింపు. కోస్తాలో “ఏం కూరండీ ఇవాళ?” అని, తెలంగాణలో “ఏం కూరొండిన్రు?” అని, రాయలసీమలో “ఏం చేసినారు?” అని అడుగుతారు. అడిగేవారికి జవాబుతో పెద్ద పని ఉండదు, మాట కలవడమే కావాలి. అయితే జవాబు వచ్చాక మాట అక్కడ ఆగదు. వంకాయకు ఏ కారం పెట్టారు, పులుసులో బెల్లం వేశారా, పప్పులోకి నంజుకోవడానికి ఏముంది అని ముచ్చట సాగుతుంది. చివరికి ఎవరో ఒకరు “అది మా నోటికి పడదు” అంటారు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్న సామెతతో వాదన ముగుస్తుంది. సామెత చెప్పినంత విడివిడిగా రుచులు పుట్టలేదు. ఏ నోటికి ఏది పడుతుందో, ఏది పడదో చాలావరకు ఆ ఊరి నేల, నీటి వసతి, సంతలో ధర, పుట్టిన కులం నిర్ణయించాయి. ఈ ముచ్చట్లు కావ్యాల్లో, చాటువుల్లో, కూరగాయల పేర్లలో మిగిలి ఉండటం వల్ల ఆ నిర్ణయాలు ఎప్పుడు ఎలా మారాయో కొంత తెలుస్తుంది.

శాస్త్రం ఆరు రుచులను చెప్పింది: తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. ఉగాది పచ్చడి పుణ్యమా అని ఈ లెక్క పిల్లలకు కూడా కంఠతా వస్తుంది. మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఆరూ చాలవు. కొత్త నెయ్యి కమ్మగా ఉంటుంది, ఆవపిండి ఘాటుగా ముక్కుకు ఎక్కుతుంది, పథ్యం తిండి చప్పగా ఉంటుంది. వీటిలో ఏదీ షడ్రసాల జాబితాలో లేదు. కమ్మదనం వాసనా, రుచీ కలిసిపోయిన చోట పుట్టిన మాట. నోటికి తగిలే తీరును చెప్పడానికి తెలుగులో ఇన్ని మాటలుండటమే తిండి గురించి ఎంతకాలంగా, ఎంత తీరిగ్గా మాట్లాడుకున్నారో చెబుతుంది.

డబ్బిచ్చి కొనుక్కున్న భోజనం గురించిన పాత ముచ్చట క్రీడాభిరామంలో ఉంది. వినుకొండ వల్లభరాయని పేరుమీద ఉన్న ఈ రచన శ్రీనాథుడిదేనన్న వాదన కూడా ఉంది. కాకతీయుల ఓరుగల్లు వీధుల్లో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులు రోజంతా తిరుగుతారు. ఆ తిరుగుడులో ఒక పూటకూళ్ల ఇల్లు తగులుతుంది. అక్కడ ఒక రూకకు దొరికేవి కర్పూరభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు. నంజు అన్న మాట అప్పటిదే ఇప్పటికీ ఉంది. అన్నంలో కలుపుకునేది వేరు, పక్కన పెట్టుకుని కొరుక్కునేది వేరు అన్న విభజన అప్పటికే స్థిరపడిందన్నమాట. ఆ పట్టికలో కందిపప్పు లేదు, మిరపకాయ లేదు. మిరపకాయ ఎందుకు లేదో తరవాత తెలుస్తుంది.

పదిహేనో శతాబ్దపు పోతన దశమస్కంధంలో గోపబాలురు యమున ఒడ్డున చద్దులు విప్పుతారు. ఆ ఘట్టంలో దేవుడికంటే ఊరగాయే ఎక్కువ కనిపిస్తుంది. ఒకడు మాటిమాటికి వేలు మడిచి పక్కవాడిని ఊరిస్తూ ఊరగాయలు తింటాడు. ఇంకొకడు తోటివాడి కంచంలోది లాక్కుని గుటుక్కున మింగి, ఏమీ లేదన్నట్టు నోరు తెరిచి చూపిస్తాడు. మరొకడు పందెం కట్టి ఐదారుగురి చద్ది కూరుకుంటాడు. సంస్కృత భాగవతంలోనూ బాలురు ఒకరి తిండి రుచి ఇంకొకరికి చూపించుకుంటారు. ఊరగాయతో ఊరించే అల్లరి మాత్రం అచ్చంగా తెలుగు ఇంటిది. పొద్దున పూట చద్దన్నంలోకి పెరుగు, ఊరగాయ అన్న జత ఎంత పాతదో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

రుచి మీద ఫిర్యాదుకు మాత్రం శ్రీనాథుడే పెద్దదిక్కు. రెడ్డిరాజుల ఆస్థానంలో విద్యాధికారిగా భోగం అనుభవించిన ఈ కవి పేరుమీద ప్రచారంలో ఉన్న చాటువుల్లో తిండి గొడవ పదేపదే వస్తుంది. పల్నాటి సీమ మీద చెప్పినదాంట్లో ఆ నేల ప్రజలకు జొన్నకలి, జొన్నంబలి, జొన్నన్నం తప్ప వేరే లేదని, సన్నబియ్యపు అన్నం సున్నా అని గేలి ఉంది. ఇంకొకదాంట్లో ఆయన ఏకంగా కృష్ణుడినే సవాలు చేస్తాడు. పూతన చన్ను విషం తాగాననీ, కార్చిచ్చు మింగాననీ గొప్పలు చెప్పుకోవడం కాదు, చింతచిగురు వేసి వండిన బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద మింగి చూపించమంటాడు. కన్నడ రాజ్యలక్ష్మికి మొరపెట్టుకున్న చాటువులో పరాయి ఆస్థానపు వేషం వేసుకోవడంతో పాటు వెల్లుల్లి, నువ్వుపిండి తినడం, చల్లకలిపిన అంబలి తాగడం, తన రుచులన్నీ వదులుకోవడం కష్టాల కిందే లెక్కకొస్తాయి.

ఈ చాటువులు నిజంగా ఆయనవేనా అన్నది వేరే చర్చ. వందల ఏళ్లు జనం నోట నిలిచాయంటే, ఆ వెటకారం విన్నవారికి అర్థమయ్యేదే కాబట్టి. అయితే వెటకారం ఎవరి మీద? పల్నాటి రైతుకు జొన్న ఎంపిక కాదు, వానమీద ఆధారపడ్డ నేల ఇచ్చిన పంట. చింతచిగురు, బచ్చలి కొనకుండా దొరికే ఆకులు. కవి నోటికి పడనిది రైతు ఇంటి రోజువారీ తిండి. కృష్ణుడు కూడా మింగలేడని కవి అన్న ముద్దను ఆ ఊరివాళ్లు మూడుపూటలా మింగి పొలానికి వెళ్లేవారు. పల్లెవాళ్లు దీనికి ఏ చాటువుతో బదులిచ్చారో ఎవరూ రాసిపెట్టలేదు. తిండి గురించిన సాహిత్యమంతా చాలావరకు కడుపు నిండినవాళ్లు రాసిందే.

కృష్ణదేవరాయలు (పాలన 1509–1529) ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టే భోజనాన్ని రుతువుల వారీగా వర్ణించాడు. కథ జరిగేది శ్రీవిల్లిపుత్తూరులో. వంటల్లో మాత్రం రాయలకు తెలిసిన దక్కను గాలి కూడా తగులుతుంది. జడివాన రోజుల్లో కట్టెలు తడిసి ఇంటావిడ కళ్లకు పొగ సోకకుండా కొబ్బరి చిప్పలు పొయ్యిలో పెట్టి వండుతుంది. అప్పుడు కలమధాన్యపు అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు పొగిచిన కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, అన్నిటి మీదా నెయ్యి. వేసవిలో నులివెచ్చని అన్నం, తియ్యని చారు, పలచని అంబలి, చెరకురసం, లేతకొబ్బరి నీళ్లు, వడపిందెలు, నీళ్ల మజ్జిగ. చలికాలంలో మిరియాల పొడితో సుయ్యిమనే చట్టికూరలు, ముక్కు అదిరిపోయే ఆవపచ్చళ్లు, పాయసం, ఊరగాయలు, చెయ్యి చురుక్కుమనే నెయ్యి, కాగిన పాలు. ఒక రాజు యుద్ధాల మధ్య పొయ్యిలోకి ఏం పెడితే పొగ రాదో గమనించడం అబ్బురమే. ఇంతకీ ఇక్కడ చూడాల్సింది ఘాటు ఎక్కడినుంచి వస్తోందన్నది. మిరియాలు, ఆవాలు. అంతే.

మిరపకాయ దక్షిణ, మధ్య అమెరికా పంట. 1498లో వాస్కో డ గామా కోళికోడు చేరిన తరవాత పోర్చుగీసు ఓడల మీద, గోవా వంటి రేవుల గుండా మన దేశంలోకి దిగింది. అంటే రాయల భోజనశాలలో దానికి ఇంకా పీట వేయలేదు. వచ్చిన కొత్తవస్తువుకు పాతవస్తువు పేరే పెట్టారు. మిరియం నుంచి మిరపకాయ. తమిళంలో మిళగు నుంచి మిళగాయ్, కన్నడంలో మెణసు నుంచి మెణసినకాయి పుట్టినట్టే. మూడు భాషలవారూ దాన్ని ‘మిరియంలాంటి కాయ’ అనే చూశారు. తరవాత కాయే అసలుదైపోయింది. ఇప్పుడు కారం అంటే రుచి పేరూ అదే, డబ్బాలోని ఎర్రపొడి పేరూ అదే. మిరియాలు జలుబు చేసినప్పుడు చారులోకి మాత్రమే గుర్తొస్తాయి.

పాత ఘాటు పూర్తిగా పోలేదు, కొన్ని చోట్ల దాక్కుంది. ఆవకాయ పేరు చూస్తే చాలు. అది మిరప పేరుమీద పుట్టిన ఊరగాయ కాదు, ఆవపిండి పేరుమీద పుట్టింది. ఎర్రగా ఉండటమే ఆవకాయ లక్షణమని ఇప్పుడు అందరూ అనుకున్నా, పేరులో ఉన్నది పసుపుపచ్చటి ఆవ. పనసపొట్టుకూరకు, అరటికాయకు ఆవ పెట్టే అలవాటు గోదావరి జిల్లాల్లో, ఉత్తరాంధ్రలో గట్టిగా నిలిచింది. చాలా బ్రాహ్మణ ఇళ్లలో తద్దినం వంటలో మిరపకాయ వాడరు, మిరియాలే వేస్తారు. బంగాళాదుంప, క్యాబేజీ, టొమాటో కూడా ఆ రోజు వంటింట్లోకి రావు. పితరులకు తెలియని కూరలు పితరులకు పెట్టకూడదన్న ఈ పట్టింపు వల్ల, ఏడాదికి ఒక్కరోజు ఆ ఇళ్లలో పదిహేనో శతాబ్దపు రుచి విస్తట్లోకి వస్తుంది. పాత ఆలయాల నైవేద్యాల్లోనూ మిరియాలు, అల్లానిదే పైచేయి.

మిరప ఎందుకు గెలిచిందన్నదానికి కారణం వంటింట్లో కంటే సంతలో ఉంది. మిరియం పడమటి కనుమల పంట, తెలుగు నేలకు వర్తకంలో రావాల్సిందే. మిరప పెరట్లో నాలుగు మొక్కలు వేసినా ఇంటికి సరిపోతుంది. ఎండబెడితే ఏడాదంతా నిలుస్తుంది. జొన్నసంకటి, అంబలి వంటి చప్పిడి తిండికి ఉప్పు, మిరప, చింతపండు కలిపి నూరిన ముద్ద ఉంటే కూర లేకపోయినా ముద్ద దిగుతుంది. ఇలా కూలివాడి ఆదరువుగా గట్టిపడిన కారం క్రమంగా అందరి విస్తట్లోకీ పాకింది. గుంటూరు, పల్నాడు ప్రాంతాల నల్లరేగడిలో అది వ్యాపార పంటగా స్థిరపడింది. గుంటూరు మిర్చి యార్డు ఇప్పుడు ఆసియాలోనే పెద్ద మిరప మార్కెట్లలో ఒకటి, గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు ఉంది. రకాలు తెలిసినవారు కారం కోసం తేజ, రంగు కోసం బ్యాడిగి కొంటారు. వరంగల్ వైపు పండే లావుపాటి చపాటాకు రంగెక్కువ, కారం తక్కువ. గుంటూరువాళ్లంతా నిప్పులు తింటారన్న పేరుంది గానీ, ఎర్రగా కనిపించేదంతా మండదు.

తరవాత వచ్చిన కూరగాయలు ఏ దారిన వచ్చాయో వాటి పేర్లే చెబుతాయి. ఒకే దుంప కోస్తాలో బంగాళాదుంప, తెలంగాణలో ఆలుగడ్డ, రాయలసీమలో ఉర్లగడ్డ. మొదటిది బెంగాల్‌ను, రెండోది హిందుస్తానీ ఆలూను, మూడోది తమిళ ఉరుళైక్కిళంగును గుర్తుచేస్తుంది. టొమాటోను మొన్నమొన్నటి వరకు పెద్దవాళ్లు రామములగ అనేవారు. వేరుశనగ తెలంగాణలో పల్లీ, అనంతపురం, కర్నూలు వైపు బుడ్డలు. అదీ అమెరికా నుంచి వచ్చిందే అయినా, దాంతో నూరే ఊరిమిండి లేకుండా సీమ భోజనాన్ని ఊహించలేరు. ఉల్లి ఎర్రగడ్డ అయినట్టే పచ్చడి తెలంగాణలో తొక్కు అవుతుంది, మజ్జిగ సల్ల అవుతుంది, గోంగూర పుంటికూర అవుతుంది. కూర అంటే కొన్ని ఊళ్లలో మాంసమే. కొత్తకోడలు కూరేమిటని అడిగితే అత్తగారు ఇంకేదో అర్థం చేసుకోవడం ఇందువల్లే.

పులుపు, తీపి విషయంలో ప్రాంతాల వెక్కిరింపు ఎక్కువ. గోదావరి జిల్లాలవారు, ఉత్తరాంధ్రవారు పులుసులో బెల్లం ముక్క వేస్తారని మిగతావారు నవ్వుతారు. ఆ బెల్లం వెనక చెరకు పంట, అనకాపల్లి బెల్లం మార్కెట్ ఉన్నాయి. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం మడతకాజా, బందరు లడ్డు పేర్లను ఊళ్లనుంచి విడదీసి పలకలేం. తెలంగాణలో, సీమలో చింత దండిగా దొరుకుతుంది. చింతకాయ తొక్కు, చింతచిగురు పప్పు, పొయ్యి ముట్టించకుండా కలిపే పచ్చిపులుసు అక్కడివి. నెల్లూరువారు చేపల పులుసులో మామిడికాయ ముక్కలు వేయకపోతే పులుసే కాదంటారు. ఆవకాయలో అల్లం వెల్లుల్లి ముద్ద కలపడం తెలంగాణ ఇళ్లలో మామూలు, కోస్తా ఇళ్లలో కొందరికి అది అపచారం. రెండు ప్రాంతాల మధ్య పెళ్లి కుదిరితే మొదటి గొడవ కట్నం దగ్గర రాకపోయినా పప్పు దగ్గర వస్తుంది. ఈ గొడవకు పెళ్లిలోనే ఒక చోటు ఉండేది. బంతిలో కూర్చున్న వియ్యపురాలి తిండిని ఆడవాళ్లు పాట కట్టి ఎగతాళి చేసేవారు. నవ్వి ఊరుకోవాల్సిందే, కోపగించుకుంటే మర్యాద కాదు. మాయాబజార్ (1957) సినిమాలో పెళ్లి సన్నివేశాల్లో గోంగూర ప్రస్తావనకు హాలు హాలంతా నవ్విందంటే ఈ అలవాటు వల్లే.

ఇంతకంటే లోతైన మార్పు కూరలో కాదు, కూటిలో వచ్చింది. వరి అన్నం తెలుగువారందరి అనాది తిండి అనుకోవడం పొరపాటు. చాలా ఊళ్లలో అది పండుగనాటి తిండి. తెలంగాణలో జొన్నరొట్టె, జొన్నగటక, మక్కగటక. సీమలో సంగటి, కొర్రన్నం. ఉత్తరాంధ్రలో చోడంబలి. రాగికి చోళ్లు, తైదలు, రాగులు అని మూడు ప్రాంతాల్లో మూడు పేర్లుండటమే అది ఎంత ఇంటి పంటో చెబుతుంది. 1832–33 నాటి నందన కరువు గుంటూరు ప్రాంతాన్ని ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసింది. ఆ తరవాతి కాలంలో ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855కల్లా వచ్చింది. కాలువ నీరు పారిన చోట వరి పరుచుకుంది, వరితో పాటు మిగులు, మిగులుతో పిండివంటలు. గోదావరి వారి తీపికీ, తీరుబడికీ, అతిథి మర్యాదలకూ ఈ కాలువలే పెట్టుబడి. అదే శతాబ్దంలో 1876–78 నాటి ధాతు కరువు సీమను కాల్చేసింది. కాలువ ఉన్న నేలకూ లేని నేలకూ మధ్య దూరం తిండిలో కొట్టొచ్చినట్టు కనిపించడం అప్పటినుంచే.

మిగతా నేలకు వరి రావడానికి ఇరవయ్యో శతాబ్దం పట్టింది. నిజాంసాగర్ 1931లో పూర్తయింది. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ నీరు శ్రీనాథుడు వెక్కిరించిన పల్నాడులోకే పారింది. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇవ్వడం మొదలుపెట్టాక, నీరు రాని ఊళ్లలో కూడా అన్నమే రోజువారీ తిండి అయింది. జొన్న దంచి, విసిరి, రొట్టె కొట్టడానికి పట్టే శ్రమతో పోలిస్తే బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టడం తేలిక. ఆ శ్రమంతా ఆడవాళ్లదే కాబట్టి ఈ లెక్కను తక్కువ చేసి చూడకూడదు. రొట్టె వెనక్కి తగ్గడంతో తొక్కు, కూర చేసే తీరు కూడా మారింది. రొట్టెకు గట్టికూర కావాలి, అన్నానికి పులుసు కావాలి.

అందరికీ అన్నం అందాక తేడా బియ్యంలోకి మారింది. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ దిగుబడికి పేరుపడింది. 1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204, అంటే సాంబమసూరి, సన్నగా, మెత్తగా ఉండటంతో ఇష్టమైన అన్నమైంది. రైతు తన పొలంలో లావురకం వేసి అమ్మి, తినడానికి సన్నరకం కొనుక్కోవడం ఎన్నో ఊళ్లలో మామూలు. రేషన్ కార్డు మీద వచ్చిన దొడ్డుబియ్యం దోసెపిండికో, ఇడ్లీరవ్వకో పోయేది, లేదా చేతులు మారేది.

తిండి ముచ్చటలో చెప్పకుండా చెప్పే విషయం ఇంకొకటి ఉంది. “ఏం కూర?” అన్న ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఎదుటివారి కులం అంచనా వేయడం పాత అలవాటు. నీచు తింటారా అన్న ప్రశ్నలో నీచు అన్న మాటే తీర్పు చెప్పేస్తుంది. పశుమాంసం తినేవారు బయట ఆ మాట ఎత్తకుండా ఉండటం, వెల్లుల్లి ముట్టనివారు దాన్ని గొప్పగా చెప్పుకోవడం రెండూ ఒకే వ్యవస్థలోవి. 2012లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు బీఫ్ పండుగ జరిపినప్పుడు గొడవ రేగింది రుచి గురించి కాదు, ఆ రుచిని బహిరంగంగా చెప్పుకోవడం గురించి.

బయట తిండి పెరిగాక ఇష్టాయిష్టాలు ఇంటి గడప దాటాయి. క్రీడాభిరామంలోని పూటకూళ్ల ఇల్లు గురజాడ కన్యాశుల్కం నాటికి కూడా ఉంది. 1892లో మొదట ప్రదర్శించిన ఆ నాటకంలో పూటకూళ్లమ్మ ఒక ముఖ్యపాత్ర. కోర్టుపక్షులు, గుమాస్తాలు, చదువుకునే కుర్రాళ్లు ఆమె దగ్గర తిని, ఆమె వంటనే తిట్టుకునేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఆ ఇళ్ల స్థానంలోకి ఉడిపి హోటళ్లు, కాఫీ హోటళ్లు, తరవాత మెస్సులు వచ్చాయి. కోస్తా పట్టణాలకు మద్రాసు నుంచి కాఫీ అలవాటు ఎక్కింది. ఇంటికి వచ్చినవారికి ఫిల్టర్ కాఫీ ఇవ్వకపోతే అవమానం కిందే లెక్క. హైదరాబాదుకు బొంబాయి, పూనా మీదుగా వచ్చిన ఇరానీలు చాయ్‌ని, దానితోపాటు గంటలకొద్దీ బల్లదగ్గర కూర్చునే అలవాటును ఇచ్చారు. ఒకే భాష మాట్లాడే ఇద్దరిలో ఒకరు “కాఫీ తాగుతారా?” అని, ఇంకొకరు “చాయ్ తాగుదామా?” అని అడగడం వెనక మద్రాసు రాజధాని, నిజాం రాజ్యం రెండూ ఉన్నాయి.

అచ్చు వచ్చాక రుచికి కొలత వచ్చింది. అంతవరకు “తగినంత” అన్నది చేతికి తెలిసిన లెక్క, అత్తగారినుంచి కోడలికి చూపుతో అందేది. మాలతీ చందూర్ ‘వంటలు–పిండివంటలు’ పుస్తకం ఎన్నోసార్లు అచ్చయి, ఊరుమారి కాపురం పెట్టిన కొత్త దంపతుల సామాన్లలో చేరింది. ఒక ప్రాంతపు వంట ఇంకో ప్రాంతపు ఇంటికి కొలతలతో సహా వెళ్లడం అలా మొదలైంది. దీనివల్ల కలిగిన నష్టమూ ఉంది. పుస్తకాల్లోకి మొదట ఎక్కింది ఎక్కువగా కోస్తా పట్టణాల, చదువుకున్న కులాల వంట. అదే చాలాకాలం ‘తెలుగు వంట’గా చలామణి అయింది. సర్వపిండి, సకినాలు, మలీదముద్దలు, ఉగ్గాని అచ్చులో గౌరవంగా కనిపించడానికి తరవాతి తరాలు రావాల్సివచ్చింది.

పొరుగువారి దృష్టిలో మాత్రం ఈ తేడాలేవీ లేవు. బెంగళూరులో ‘ఆంధ్రా మీల్స్’ అంటే కారం అనే అర్థం. అరిటాకు, పప్పు, కందిపొడి, నెయ్యి, కళ్లలో నీళ్లు. ఢిల్లీలోని ఆంధ్రభవన్ క్యాంటీన్‌లో తెలుగురాని వాళ్లు వరుసకట్టేదీ దీనికే. విదేశాలకు వెళ్లే తెలుగువారి పెట్టెల్లో బట్టలకంటే పచ్చళ్ల బరువు ఎక్కువన్న పరిహాసం పాతదే. వేసవిలో కొరియర్ దుకాణాల ముందు సీసాలకు సీళ్లు వేయించే వరుసలు దానికి సాక్ష్యం. అట్లాంటా ఇంట్లో ఆవకాయ తినే పిల్లవాడికి అది అమ్మమ్మ ఊరి రుచి. ఆ ఊరికి మిరపకాయ కూడా ఒకప్పుడు ఓడ మీదే వచ్చింది.

2025 ఉగాది నుంచి తెలంగాణ ప్రభుత్వం రేషన్ దుకాణాల్లో దొడ్డుబియ్యానికి బదులు సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. శ్రీనాథుడు పల్నాటివారికి సున్నా అన్న సన్నన్నం అక్కడ ఇప్పుడు రేషన్ సరుకు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అంతకు ముందునుంచే చక్కెర జబ్బు ఉన్నవారికి వైద్యులు అన్నం తగ్గించి జొన్న, రాగి తినమని చెబుతున్నారు. కొర్రలు, అరికెలు ఇప్పుడు సిరిధాన్యాల పేరుతో బియ్యంకంటే ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. హైదరాబాదు, విజయవాడ రోడ్ల పక్కన సాయంత్రం ఏడుకల్లా ఆడవాళ్లు పొయ్యిలు పెట్టుకుని చేత్తో జొన్నరొట్టెలు కొడతారు. ఆఫీసులనుంచి వచ్చేవాళ్లు బండ్లు ఆపి, లెక్కపెట్టి కొనుక్కుని, వాటిలోకి ఇంట్లో ఏం కూర ఉందో ఫోన్‌లో అడుగుతారు.